పెరటి కలుపు - పుప్పొడి జబ్బు

తొలకరి పడిన రెండు మూడు వారములకు, పెద్దపల్లి నుండి రామగుండము మీదుగా గోదావరిఖని పోవు త్రోవలో ఇరుప్రక్కల ఒక పచ్చని మొక్క దట్టముగా మొలచును. దాని ఆకులు క్యారెట్టు ఆకుల వలె చీలికలు చీలికలుగా నుండును. శ్రావణ మాసము వచ్చునప్పటికి అది నడుమెత్తు పెరిగి, ఆవగింజకంటె కొంచెము పెద్దవైన తెల్లని పూలతో నిండిపోవును. గాలి వీచినప్పుడు అది ఊగు సొంపును చూచి కాబోలు, మనవారు దానికి వయ్యారిభామ అని ముద్దుపేరు పెట్టిరి. క్యారెట్టు గడ్డి యనియు, కాంగ్రెసు గడ్డి యనియు కూడ పిలుచుట కలదు. పేరునకు గడ్డియే గాని అది గడ్డి జాతిది కాదు. చేమంతి, ప్రొద్దుతిరుగుడు మొక్కలకు చుట్టము. వృక్షశాస్త్రమున దాని నామము పార్థీనియమ్ హిస్టరోఫోరస్.

ఈ పూలు విరియు దినములలోనే మన బడులలో మరియొక దృశ్యము కానవచ్చును. ప్రార్థన వేళ వరుసలో నిలిచిన పిల్లలలో కొందరు అదే పనిగా తుమ్ముచుందురు. కన్నులు ఎఱ్ఱబారి దురదపెట్టును. ముక్కు నీరువలె కారును. కొందరికి రాత్రివేళ పిల్లికూతలతో ఆయాసము వచ్చును. జ్వరము మాత్రము ఉండదు. "వానకు తడిసి జలుబు చేసినది" అని తల్లిదండ్రులు అనుకొందురు. గోదావరిఖనిలోనైతే "అంతయు బొగ్గు దుమ్ము మహిమ" అని సరిపెట్టుకొందురు. సరిగా ఆ దినములలోనే పంద్రాగస్టు పండుగకు బడి ఆవరణ శుభ్రము చేయింపదలచి, పూచిన ఆ మొక్కలనే పిల్లలచేత వట్టి చేతులతో పీకించుటయు కలదు.

ఈ మొక్కకును ఆ తుమ్ములకును సంబంధమున్నదా? ఇంటి చుట్టు, బడి చుట్టు కలుపు తీసివేసినచో బాధ తగ్గునా? తగ్గినచో ఎంత? ఈ ప్రశ్నల వెనుక రెండువందల సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసికొనక చేసిన పని ఒక్కొక్కప్పుడు మేలుకు మారుగా కీడు తెచ్చును. కనుక మొదటినుండి చూతము.

వైద్యుడే రోగి

1819వ సంవత్సరమున లండను నగరమున జాన్ బాస్టాక్ అను వైద్యుడు తోటి వైద్యుల సభలో ఒక రోగి కథను చదివెను. ఆ రోగికి చిన్ననాటినుండి ప్రతి సంవత్సరము జూను మాసమున కన్నులు మండి నీరు కారును. ఎడతెగని తుమ్ములు వచ్చును. రొమ్ము బిగబట్టినట్లు ఉండును. కొన్ని వారములకు అంతయు దానంతట అదే పోవును. ఆ రోగి మరెవ్వరో కాదు, బాస్టాక్ తానే. ఇట్టి రోగులు మరికొందరున్నారేమో యని అతడు తొమ్మిదేండ్లు వెదకి, 1828లో 28 మంది కథలను కూర్చి ప్రకటించెను. దేశమంతట వెదకినను అంతకు మించి దొరకకపోవుటను బట్టి ఆ కాలమున ఈ జబ్బు ఎంత అరుదో ఊహింపవచ్చును.

ఎండుగడ్డి కోయు కాలమున ఇది వచ్చుట చూచి జనులు దీనికి "ఎండుగడ్డి జ్వరము" అని పేరు పెట్టిరి. ఇది జ్వరమును కాదు, ఎండుగడ్డి వలన వచ్చునదియును కాదు. అయినను ఆ పేరే నిలిచిపోయినది. బాస్టాక్ మాత్రము జనుల మాట నమ్మలేదు. ఎండయే కారణమని తలచెను. సముద్రపు ఒడ్డున కొండకొమ్ము మీది ఇంట వేసవి గడుపగా అతనికి కొంత ఉపశమనము కలిగెను. చల్లదనము వలననే మేలు కలిగినదని అతడు అనుకొనెను. సముద్రము నుండి వీచు గాలిలో పుప్పొడి తక్కువ యను సంగతి అప్పటికి ఎవ్వరికిని తోచలేదు. అనుభవము సరియైనదే, దానికి చెప్పిన కారణమే తప్పు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇట్టివి పెక్కు గలవు.

గాలిపటము చెప్పిన సాక్ష్యము

కారణమును పట్టినవాడు మాంచెస్టరు నగరపు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. అతనికిని ఈ జబ్బు కలదు. ఊహలతో తృప్తి పడక అతడు తన శరీరముననే పరీక్షలు చేసికొనెను. వెలుతురు, వేడిమి, దుమ్ము, సువాసన, ఒక్కొక్కటిగా పరీక్షించి త్రోసివేసెను. తుదకు గడ్డిపూల పుప్పొడిని ముక్కుతో పీల్చి చూడగా వెంటనే తుమ్ములు వచ్చినవి. చేతి చర్మమును కొంచెము గీరి తడిసిన పుప్పొడిని అద్దగా అచ్చట దద్దురు లేచి దురద పుట్టినది. నేడు అలెర్జీ వైద్యులు చేయు చర్మపరీక్షకు ఇదియే మూలము.

పిమ్మట అతడు జిగురు పూసిన గాజుపలకలను గాలిలో నుంచి, ఇరువదినాలుగు గంటలలో వానిపై పడిన పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినితో లెక్కించెను. లెక్క పెరిగిన దినములలో తన బాధయు పెరుగుట గమనించెను. గాలిపటములకు గాజుపలకలను కట్టి వేయి అడుగులకు పైగా ఎగురవేసి చూడగా, అంత ఎత్తునను పుప్పొడి సమృద్ధిగా దొరకినది. పుప్పొడి తన పుట్టినచోటనే పడియుండక గాలితో బహుదూరము పోవునని దీనివలన తేలినది. ఈ పరిశోధనలను అతడు 1873లో గ్రంథముగా ప్రకటించెను.

దానికి ఒక సంవత్సరము ముందు, 1872లో, అమెరికాలో మారిల్ వైమన్ అను వైద్యాచార్యుడు శరదృతువున వచ్చు ఇట్టి జబ్బును గూర్చి వ్రాసెను. అచ్చట బీళ్లలో మొలచు రాగ్‌వీడ్ అను కలుపు మొక్కయే దీనికి మూలమని అతని అనుమానము. జబ్బు సోకని పర్వత ప్రాంతమునకు ఆ మొక్కను మూటకట్టి తీసికొనిపోయి, అచ్చట విప్పి తానును తన కుమారుడును వాసన చూడగా ఇద్దరికిని జబ్బు వచ్చెను. నేరస్థుని చేతికి సంకెల పడినట్లయినది.

మన దేశమున సైతము గాలిని సూక్ష్మదర్శినితో పరీక్షించుట అదే కాలమున ఆరంభమైనది. కలకత్తాలో డేవిడ్ డగ్లస్ కనింగ్‌హామ్ అను వైద్యుడు గాలిలోని శిలీంధ్రబీజములను, పుప్పొడి రేణువులను చూచి, బొమ్మలు గీసి, 1873లోనే గ్రంథము ప్రకటించెను. అతడు వెదకినది కలరా మొదలగు వ్యాధుల జాడ. అది గాలిలో దొరకలేదు. కాని భారతదేశపు గాలిలో ఏమేమి తేలుచున్నవో తెలుపు మొదటి పట్టికలలో అది యొకటి యైనది.

మిత్రుని శత్రువుగా భ్రమించుట

పుప్పొడి విషము కాదు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు విద్యార్థులలో ఒకనికి తుమ్ములు వచ్చి రెండవవానికి రాకపోవుటయే దీనికి సాక్ష్యము. మరి జబ్బు ఎందులకు? 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఒక క్రొత్త మాట కల్పించెను. ఒక పదార్థమును ఒకసారి చవిచూచిన శరీరము రెండవసారి దాని యెడల మార్పుచెందిన రీతిలో ప్రవర్తించును. ఆ మార్పునకు అతడు "అలెర్జీ" అని పేరిడెను. 1911లో లండనులో లెనర్డ్ నూన్, జాన్ ఫ్రీమన్ అను వైద్యులు గడ్డి పుప్పొడి సారమును కొద్ది కొద్దిగా సూదిమందుగా ఇచ్చి ఈ జబ్బును తగ్గింప యత్నించిరి. ఆ చికిత్స మెరుగుపడి నేటికిని వాడుకలో నున్నది.

రక్తములో నున్న ఏ వస్తువు ఈ పని చేయుచున్నదో తెలియుటకు మరి యేబది యేండ్లు పట్టినది. 1966లో అమెరికాలో పనిచేయుచున్న జపాను దంపతులు కిమిషిగె ఇషిజాక, తెరుకొ ఇషిజాక దానిని రాగ్‌వీడ్ రోగుల రక్తమునందే కనుగొనిరి. దాదాపు అదే సమయమున స్వీడను శాస్త్రజ్ఞులును దానిని వేరుగా పట్టిరి. దానిపేరు ఇమ్యునోగ్లోబులిన్-ఇ. ఇది ఒక ప్రతిరక్షకము.

ఇది పనిచేయు తీరు ఇట్లుండును. పుప్పొడి రేణువు తడిసిన ముక్కుపొర మీద పడగానే దానిలోని మాంసకృత్తులు కరగి బయటకు వచ్చును. అలెర్జీ స్వభావము గలవారి శరీరము ఆ మాంసకృత్తులను శత్రువులని భ్రమించి ఈ ప్రతిరక్షకమును తయారుచేయును. అది ముక్కు, కన్ను, ఊపిరితిత్తుల పొరలలోనున్న మాస్టు కణములకు అంటుకొని కాచుకొనియుండును. మరుసటిసారి అదే పుప్పొడి వచ్చి తాకగానే ఆ కణములు పగిలినట్లై హిస్టమిన్ మొదలగు రసాయనములను వెలికి చిమ్మును. కొన్ని నిమిషములలో తుమ్ము, దురద, నీరు కారుట ఆరంభమగును. ఊపిరిగొట్టములు బిగుసుకొన్నచో ఆయాసము వచ్చును. దొంగ రాకున్నను కావలివాడు ఊరంతయు లేపినట్లుండును ఈ వ్యవహారము.

న్యూయార్కు నేర్పిన పాఠము

కారణము కలుపు మొక్క యని తెలిసినప్పుడు ఆ కలుపునే నిర్మూలించిన పోదా? ఈ ఆలోచన అందరికిని కలుగునదే. దీనిని పెద్దయెత్తున పరీక్షించిన నగరము న్యూయార్కు. రెండవ ప్రపంచయుద్ధము ముగియగానే 2,4-డి అను కలుపుమందు బజారులోనికి వచ్చినది. 1946లో ఆ నగరము ఖాళీ స్థలములలోను, రోడ్ల ప్రక్కలను నున్న రాగ్‌వీడ్ పై ఈ మందును చల్లుట ఆరంభించి, ఏటేట కొనసాగించినది. 1946 నుండి 1954 వరకు తొమ్మిదేండ్లపాటు గాలిలోని పుప్పొడిని లెక్కించిన వైద్యులు తమ ఫలితములను 1956లో ప్రకటించిరి. నగరపు గాలిలో రాగ్‌వీడ్ పుప్పొడి చెప్పుకోదగినంతగా తగ్గలేదని వారు తేల్చిరి.

ఎందులకు తగ్గలేదు? రాగ్‌వీడ్ పూలకు తుమ్మెదలతో పనిలేదు. గాలియే దానికి వాహనము. ఒక్క మొక్క ఒక ఋతువులో వందకోట్ల రేణువులు వెదజల్లగలదు. అవి తేలికయై వందల మైళ్లు పోగలవు. నగరములోని మొక్కలను చంపినను, నగరము వెలుపలి పొలముల నుండి పుప్పొడి వచ్చుచునే యుండెను. పైగా మందు చల్లి బోడిచేసిన నేలలో మరుసటి సంవత్సరము మరల ముందుగా మొలచునది రాగ్‌వీడే. బోడినేల దానికి పుట్టినిల్లు.

అయినచో మన పెరటి కలుపు తీయుటయు వ్యర్థమేనా? తొందరపడరాదు. న్యూయార్కు పాఠము రాగ్‌వీడ్‌కు చెందినది. మన వయ్యారిభామ దానికి దగ్గరి చుట్టమైనను దాని నడవడి వేరు. ఆ సంగతి చెప్పుటకు ముందు ఈ అతిథి మన దేశమునకు వచ్చిన కథ తెలిసికొనవలెను.

వయ్యారిభామ వచ్చిన దారి

దీని జన్మభూమి అమెరికా ఖండపు ఉష్ణమండలము, మెక్సికో సింధుశాఖ పరిసరములు. 1955లో పూణే నగరమున చెత్తకుప్పలపై ఈ క్రొత్త మొక్కను ఆచార్య పరాంజపే గమనించెను. 1956లో శేషగిరిరావు అను వృక్షశాస్త్రజ్ఞుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో దీనిని గూర్చి ప్రకటించెను. కొలది దశాబ్దములలో ఇది దేశమంతట వ్యాపించినది.

ఇది పి.ఎల్. 480 అను అమెరికా చట్టము క్రింద వచ్చిన గోధుమలతో కలిసి వచ్చినదని మనము చిన్నప్పటినుండి వినుచున్నాము, పాఠములలో చెప్పుచున్నాము. తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఇది అంత సులభముగా పొసగదు. ఆ చట్టము 1954 నాటిది. దాని క్రింద భారతదేశముతో ఒడంబడిక జరిగినది 1956 ఆగస్టులో. మొక్క కనబడినదో, 1955లో! అమెరికా గోధుమతోనే వచ్చినదనుకొన్నను, అది అంతకు ముందటి గోధుమ యైయుండవలెను. 1951లోనే అమెరికా అప్పు పద్ధతిపై మనకు ధాన్యము పంపియున్నది. మరియొక విశేషము: సామర్లకోటలో తోట పెంచి, మన కోరమాండలు తీరపు మొక్కలను లోకమునకు తెలిపిన విలియమ్ రాక్స్‌బర్గ్ 1814లో అచ్చువేసిన కలకత్తా వృక్షోద్యానపు పట్టికలోనే ఈ మొక్క పేరు కలదు. అనగా ఇది ఒకటికంటె ఎక్కువసార్లు మన దేశమునకు వచ్చియుండవచ్చును. ఒకసారి తోటలో అణగియుండి, మరియొకసారి బీళ్లకెక్కినది. విద్యార్థులకు గోధుమ కథ చెప్పునప్పుడు ఈ తేదీలను కూడ చెప్పి, వారినే విచారింపనిచ్చుట మంచిది.

వచ్చిన దారి ఏదైనను, వ్యాపించిన దారులు స్పష్టమే. ఒక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు గింజలు కాయగలదు. అవి మిక్కిలి చిన్నవి. లారీ చక్రముల బురదలో, కాలువ నీటిలో, పశువుల గిట్టలలో, ఇసుకలో, మట్టిలో, పశుగ్రాసములో కలిసి ప్రయాణము చేయును. మొలచిన నెల దినములకే పూత పట్టగలదు. తేమ యున్నచో సంవత్సరము పొడవునను పూయును. ఇతర మొక్కల మొలకలను అణచు పార్థినిన్ మొదలగు పదార్థములు దీని ఆకులలోను వేళ్లలోను గలవు. పశువులు సాధారణముగా దీనిని ముట్టవు. ఇక దీనికి అడ్డేమున్నది?

చర్మపు జబ్బు వేరు, తుమ్ముల జబ్బు వేరు

1960 తరువాత పూణేలో ఆరుబయట పనిచేయు మగవారిలో ఒక మొండి చర్మరోగము ప్రబలెను. ముఖము, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి, చర్మము మందమై నల్లబారి రసి కారును. దీనికి వయ్యారిభామయే కారణమని ఆ నగరపు చర్మవైద్యులు ఆ దశాబ్దపు చివరలో లోకమునకు తెలిపిరి. మొక్క మీది సన్నని నూగునందుండు పార్థినిన్ చర్మమునకు తగులుటయే ఇందులకు మూలము. ఎండిన ఆకుల పొడి గాలిలో లేచి ముఖముపై పడినను చాలును.

ఇది పుప్పొడి జబ్బు కాదని గుర్తింపవలెను. తుమ్ముల జబ్బు నిమిషములలో వచ్చును. దానికి ఇమ్యునోగ్లోబులిన్-ఇ మూలము. ఈ చర్మపు జబ్బు తాకిన ఒకటి రెండు దినములకు బయటపడును. దానికి రక్తములోని ఒక విధమైన తెల్లకణములు మూలము. మొక్క ఒక్కటే, జబ్బులు రెండు. ఒకనికి ఒకటి, వేరొకనికి మరియొకటి, దురదృష్టవంతునికి రెండును రావచ్చును. చిన్నప్పుడు ఎన్నోమార్లు ఈ మొక్కను పీకియు ఏమియు కానివానికి, పెద్దయిన తరువాత ఒకనాడు హఠాత్తుగా చర్మపు జబ్బు ఆరంభము కావచ్చును. మాటిమాటికి తాకుట వలననే శరీరము దానిని పగబట్టుట నేర్చుకొనును. కనుక "మా పిల్లలు ఏటేట పీకుచున్నారు, ఏమియు కాలేదు" అనుట ధైర్యము చెప్పు మాట కాదు.

బెంగుళూరు పరిశోధనలు

పుప్పొడి సంగతిని తేల్చినవి ముఖ్యముగా బెంగుళూరు పరిశోధనలు. అచ్చటి భారతీయ విజ్ఞాన సంస్థలో పి.వి. సుబ్బారావు అను జీవరసాయన శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1970 తరువాత రెండు దశాబ్దములు దీనిపై కృషి చేసిరి. 1991లో వారు ప్రకటించిన సర్వేలో, ఆ నగరమున యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న జనులలో నూటికి 7 గురికి ఈ మొక్క పుప్పొడి వలన ముక్కు జబ్బు ఉన్నట్లు తేలినది. 1993లో మరియొక సంగతి తెలిసినది. రాగ్‌వీడ్‌ను పగబట్టిన ప్రతిరక్షకములు వయ్యారిభామ పుప్పొడిని సైతము గుర్తించును. కనుక అమెరికాలో రాగ్‌వీడ్ జబ్బు తెచ్చుకొన్నవాడు పెద్దపల్లికి వచ్చినచో ఇచ్చట చుట్టమే ఎదురగును.

అదే నగరమున కాంచన్, జయచంద్ర అను వృక్షశాస్త్రజ్ఞులు 1980లో ఈ పుప్పొడిని గూర్చి వింతయైన విషయము ప్రకటించిరి. ఇది ఇతర మొక్కల కీలాగ్రములపై పడినప్పుడు వాని గర్భధారణకే అడ్డుపడి కాపును తగ్గించునట. ఒక మొక్కయే అరువది కోట్లకు పైగా రేణువులు పుట్టింపగలదు.

ఇచ్చట మన ప్రశ్నకు కావలసిన ఆధారము దొరకుచున్నది. వయ్యారిభామ పూలకు కీటకములును వచ్చును. దాని పుప్పొడి రాగ్‌వీడ్ పుప్పొడి వలె విడివిడి రేణువులుగా గాక, చాలవరకు వందల రేణువులు కలిసిన ముద్దలుగా గాలిలోనికి పోవును. ముద్దలు ఒంటరి రేణువులకంటె బరువు. త్వరగా నేలకు దిగును. కావున ఈ మొక్క విషయమున దూరపు బీడుకంటె దగ్గరి పెరడు ముఖ్యమని ఊహించుట న్యాయము. పూర్తిగా కాకున్నను, కిటికీ క్రిందను, బడి గోడ వెంటను ఉన్న మొక్కలను తీసివేసిన ఫలము ఉండును. చర్మపు జబ్బు విషయమునైతే సందేహమే లేదు. తాకనిచో, పొడి పడనిచో జబ్బు లేదు.

ఒక్క వయ్యారిభామయే దోషి కాదు

అయినను తుమ్మిన ప్రతివానికిని వయ్యారిభామను చూపుట తగదు. గరిక మొదలగు గడ్డిజాతులు, ముళ్లతోటకూర, ఆముదము, వీని పుప్పొడి సైతము మన దేశమున అలెర్జీ కలిగించునని తెలిసినదే. వీనిలో పెక్కు గాలిని నమ్ముకొన్నవి. వీని రేణువులు పొరుగూరి నుండి కూడ రాగలవు.

సర్కారు తుమ్మ కథ మన తెలుగునాటిదే. మద్రాసు రాజధానిలోని అడవుల అధికారి బెడ్డోమ్ వంటచెఱకు కొరత తీర్పదలచి విత్తనములకై 1876లో ప్రభుత్వమునకు వ్రాసెను. జమైకా ద్వీపము నుండి వచ్చిన విత్తనములను 1877లో కడప ప్రాంతపు కమలాపురమున నాటిరి. బీదవానికి పొయ్యిలో కట్టె యిచ్చిన ఆ చెట్టే నేడు చెరువు గట్టులను, బీళ్లను ఆక్రమించినది. దాని పుప్పొడి ఉత్తర భారతమున ముఖ్యమైన అలెర్జీ కారకముగా గుర్తింపబడినది. మేలుకోరి తెచ్చినదొకటి, తెలియక వచ్చినదొకటి. రెండును మన ముక్కునకే చేరినవి.

గనుల నేలలో

బొగ్గు గనుల ప్రాంతమునకు ఒక ప్రత్యేకత కలదు. ఓపెన్ కాస్టు గనులలో బొగ్గుపై నున్న మట్టిని, రాతిని తీసి గుట్టలుగా పోయుదురు. రోడ్లు, రైలు పట్టాలు, పైపులైనులు, క్రొత్త కాలనీలు, అన్నియు నేలను త్రవ్వి కదలించునవే. కదలిన నేల వయ్యారిభామకు ఆహ్వాన పత్రిక. న్యూయార్కులో రాగ్‌వీడ్‌కు బోడినేల ఎట్టిదో, ఇచ్చట దీనికి క్రొత్తమట్టి అట్టిది.

మరియొకటి: లారీల పొగ. 1997లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు రాగ్‌వీడ్ అలెర్జీ గలవారి ముక్కులో పుప్పొడి సారమును ఒకసారి ఒంటరిగాను, మరియొకసారి డీజిలు పొగ రేణువులతో కలిపియు వేసి చూచిరి. పొగతో కలిసినప్పుడు అలెర్జీ ప్రతిరక్షకము మిక్కిలి ఎక్కువగా పుట్టినది. కావున "దుమ్మా, పుప్పొడియా" అను వాదము ఒక్కొక్కప్పుడు అర్థము లేనిది. రెండును చేతులు కలుపగలవు. అయితే ఏండ్ల తరబడి గనిలో పనిచేసినవారికి వచ్చు ఊపిరితిత్తుల దుమ్ము జబ్బు పూర్తిగా వేరు. అది ఋతువును బట్టి వచ్చి పోవునది కాదు. సంవత్సరము పొడవున దగ్గు, ఆయాసము ఉన్నవారు "కలుపు వలన" అని ఉపేక్షింపక వైద్యపరీక్ష చేయించుకొనవలెను.

పురుగు సాయము

మందులు చల్లి అలసిన శాస్త్రజ్ఞులు దీని పుట్టింటి శత్రువును పిలిపించిరి. మెక్సికో నుండి జైగోగ్రామా బైకలరాటా అను పెంకుపురుగును 1983లో బెంగుళూరునకు తెచ్చి, పరీక్షించి, 1984లో విడిచిపెట్టిరి. ఇది వయ్యారిభామ ఆకులను తిని మొక్కను మోడుచేయును. వానలు వెనుకబట్టగానే మట్టిలో దూరి నిద్రించి, తొలకరికి లేచును. 1990 తరువాత ఇది ప్రొద్దుతిరుగుడు ఆకులను తినుచున్నదని రైతులలో కలవరము పుట్టెను. విచారింపగా ఆ ఆకులపై వయ్యారిభామ పుప్పొడి పడియుండుటయే పురుగును అచ్చటికి లాగినదని తేలెను. ముక్కునకు శత్రువైన పుప్పొడి పురుగునకు విందు పిలుపు! ఈ పురుగు సాయము విలువైనదే గాని, వానాకాలమున మొక్క పెరుగు వేగమునకు అది ఒక్కటియే చాలదు. దీని ఆకులపై చారలుగల ఆ చిన్న పురుగులు కనిపించినచో వానిని చంపరాదు.

ఇక చేయవలసినది

చరిత్ర చెప్పిన దానిని కార్యరూపమున కూర్చుకొందము. మొదటిది, కాలము. పూత పట్టకముందే తీయవలెను. పంద్రాగస్టు కొరకు ఆగినచో ఆలస్యమే; తొలకరి తరువాత మూడు నాలుగు వారములలో, నేల తడిసియున్నప్పుడు, వేళ్లతో పెకలింపవలెను. మొదలు నరికినచో మరల చిగుర్చును. జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు ఈ మొక్కపై అవగాహన వారము జరుపుచున్నది. బోధించుటకు ఆ వారము మంచిదే; పీకుటకు మాత్రము దానికి ముందే పూనుకొనవలెను.

రెండవది, చేయి. తుమ్ములు, ఉబ్బసము, చర్మపు దురద ఉన్నవారు ఈ పనికి పోరాదు. పిల్లలచేత పూచిన మొక్కలను పీకింపరాదు. పెద్దలు సైతము చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ధరించి, ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని, పని ముగిసిన వెంటనే స్నానము చేసి బట్టలు ఉతుకుకొనవలెను.

మూడవది, పీకిన మొక్క. దానిని కాల్చరాదు, పొగ, పొడి ఊపిరికి హాని. పూత లేని మొక్కలను గుంతలో వేసి ఎరువు చేయవచ్చును. పూచి గింజపట్టినవానిని ఎరువులో కలిపినచో మన చేతితో మనమే విత్తినట్లగును. పైరు లేని చోట, బండలమధ్య, గోడల వెంట, నూటికి 15 నుండి 20 పాళ్లు ఉప్పు కలిపిన నీటిని లేత మొక్కలపై చల్లుట మరియొక మార్గము. తోటలలో మాత్రము ఇది పనికిరాదు, నేల చవుడుబారును.

నాల్గవది, ఖాళీ చేసిన చోటు. బోడిగా వదలినచో అదే మొక్క మరల వచ్చును. తంగేడు జాతికి చెందిన తంటెపు మొక్కలు వంటివి దీనిని అణచగలవని పరిశోధనలు చెప్పుచున్నవి. గింజలు నేలలో కొన్ని సంవత్సరములు బ్రతికియుండును గనుక ప్రతి వాన తరువాతను చూచుచుండవలెను. ఒక్క ఇంటివారు తీసి పొరుగింటివారు వదలినచో న్యూయార్కు కథయే మన వీధిలో జరుగును. వీధియంతయు, ఊరంతయు కలిసి చేయవలసిన పని యిది.

వీనిచేత బాధ తగ్గవచ్చును; పోవునని ఎవ్వరును మాట యీయలేరు. ఆయాసము వచ్చువారు కలుపు తీసితిమి గదా యని మందు మానరాదు. ఏ పుప్పొడి పడదో చర్మపరీక్షతో వైద్యులు చెప్పగలరు.

తుదకు ఉపాధ్యాయులకు ఒక మనవి. బ్లాక్లీ చేసిన పరీక్ష మన ఉన్నత పాఠశాలలలోను చేయవచ్చును. గాజుపలకకు పలుచగా వాసెలిన్ పూసి, వాన పడకుండ పైన ఒక రేకు కప్పు అమర్చి, బడి మేడపై ఇరువదినాలుగు గంటలు ఉంచుడు. సూక్ష్మదర్శినిలో చూడుడు. గుండ్రముగా ముండ్లతో నున్న 15 నుండి 20 మైక్రానుల రేణువులు వయ్యారిభామవి, లేక దాని చుట్టములవి. నున్నగా ఒకే రంధ్రముతో నున్నవి గడ్డిజాతులవి. ఒళ్లంతయు గుంటలతో నున్నవి తోటకూర జాతివి. లెక్కను తేదీవారీగా వ్రాయుడు. ప్రక్కనే, ఆ దినము తరగతిలో ఎందరు తుమ్మిరో వ్రాయుడు. కలుపు తీయుటకు ముందు ఒక నెల, తీసిన పిమ్మట ఒక నెల ఇట్లు చేయుడు. ఒక సంవత్సరమునందు వానల తేడా వలన మోసపోవచ్చును గనుక రెండు మూడేండ్లు కొనసాగింపుడు.

పెద్దపల్లి గాలిలో ఏమున్నదో లండను, న్యూయార్కు, బెంగుళూరు లెక్కలు చెప్పజాలవు. ఆ లెక్క మన బడి మేడమీదనే తేలవలెను.